అరిగిన లేతు – పనివాని చరిత్ర

శ్రమ సాధనం వినోద వస్తువుగా మారినప్పుడు, అందులో నిక్షిప్తమైన శ్రమ ఏమవుతుంది? ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. కాని అమెరికాలోను, ఇంగ్లండులోను ఎందరో పాత లేతులను, మిల్లింగు యంత్రాలను తుక్కు నుంచి తెచ్చి, తుప్పు వదిలించి, తిరిగి నడిపించి ఆనందిస్తున్నారు. ఇది తీరుబడిగలవాళ్ల ముచ్చట అని మనవాళ్లలో కొందరు కొట్టివేస్తారు. ఆ తీర్పు తొందరపాటు.

సౌత్ బెండ్ లేతును తీసుకుందాం. ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ నగరంలో 1906లో ఓబ్రియన్ సోదరులు ఈ కర్మాగారాన్ని స్థాపించారు. వీరి లేతుల బెడ్డు చివర ఒక సంఖ్య కొట్టి ఉంటుంది. దానినిబట్టి అభిరుచిగలవాడు ఆ లేతు ఏ ఏటిదో పోల్చుకుంటాడు. తరువాత బెడ్డు అరుగుదలను అంగుళంలో వెయ్యవ వంతుల లెక్కన కొలుస్తాడు. హెడ్‌స్టాకు దగ్గర అరుగుదల ఎక్కువ. క్యారేజి అటూ ఇటూ ఎక్కువగా నడిచినది అక్కడే గనుక. పేరు తెలియని టర్నరు జీవితకాలమే ఆ గుంట. చరిత్ర గ్రంథాలలో అతనికి దొరకని చోటు ఇనుములో దొరికింది.

పునరుద్ధరణ అంటే ఆ గుంటను మాపడమే. సమతలపు పలకకు నీలిరంగు పూసి, బెడ్డు మీద రుద్ది, రంగు అంటిన మిట్టలను స్క్రేపరుతో గీకి, మళ్లీ రుద్ది, మళ్లీ గీకాలి. యంత్రపు ఖచ్చితత్వం మొదట మనిషి చేతిలో పుట్టిందని అప్పుడు బోధపడుతుంది. మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, యంత్రాలతోనే యంత్రాలను చేయడం ఎలా సాధ్యమైనదో చెబుతూ మాడ్‌స్లే స్లైడ్ రెస్టును ప్రస్తావించాడు. ఆ మాడ్‌స్లే కూడా వారానికి 30 షిల్లింగుల జీతాన్ని పెంచమని అడిగి, కాదనిపించుకొని, యజమానిని విడిచి వెళ్లిన పనివాడే.

అదే లేతు, అదే హ్యాండిలు, అదే నూనె వాసన. టర్నరుకు నిర్బంధమైనది ఇతనికి ఆనందమెలా అయింది? ఇతనికి గంట మోగేదాకా నిలబడాలన్న నిబంధన లేదు. ముక్కకింత కూలి అన్న బెదురు లేదు. మారినది మనిషికి పనితో గల సంబంధం. కాబట్టి ఈ అభిరుచి శ్రమను అవమానించడం లేదు. నిర్బంధం తొలగితే మనిషి శ్రమను ప్రేమించగలడని సాక్ష్యం చెబుతున్నది.

అయితే ఇది సగం సాక్ష్యమే. 1975లో, పని పోయే ప్రమాదం ముంచుకురాగా, ఈ సౌత్ బెండ్ కర్మాగారం ఉద్యోగుల వాటా పథకం కింద కార్మికుల పరమైంది. 1980లో, కాగితం మీద యజమానులైన ఆ కార్మికులే తమ కంపెనీ మీద సమ్మె కట్టారు. వాటాలు వచ్చాయిగాని అధికారం రాలేదు. లేతు పుట్టిన సంవత్సరాన్ని శ్రద్ధగా వెతికేవాడు ఆ సమ్మె సంవత్సరాన్ని ఎరుగకపోతే, అతని పరిశోధన ఇనుము దగ్గరే ఆగిపోతుంది. దసరానాడు పనిముట్టుకు బొట్టుపెట్టి, మర్నాడు పనివాని కూలి కోసే యజమాని భక్తికీ దీనికీ ఎంత దూరం?

అరుగుదలను మాపవలసిందే. పనిముట్టు పని చేయాలి. కాని స్క్రేపరు పట్టేముందు ఆ కొలతలు రాసిపెట్టుకోవాలి. వాటి పక్కనే ఆ కర్మాగారం కథ, ఆ సమ్మె కథ రాయాలి. పాత యంత్రాన్ని ప్రేమించేవాడు దానిని అరగదీసిన మనిషికి ఇంతైనా బాకీ ఉన్నాడు.