కోశాక కూడా ఊపిరే

మల్లెమొగ్గల్ని పొద్దెక్కకముందే ఎందుకు కోస్తారు? అప్పుడు మొగ్గ చల్లగా ఉంటుంది, అందుకు. కొమ్మ నుంచి తెంచినా పువ్వు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి తగిలితే ఆ ఊపిరి వేగం పెరుగుతుంది. పరుగెత్తే మనిషిలా తొందరగా అలసిపోతుంది. చల్లటి చోట ఊపిరి నెమ్మదిస్తుంది, పువ్వు నిలుస్తుంది.

మూర మల్లెలు కొన్నారా? అరటాకులో చుట్టండి. లేదంటే తడిపి గట్టిగా పిండిన గుడ్డలో. నీళ్లు కారేలా తడిపితే మాత్రం రేకులు మచ్చలు పడి కుళ్లుతాయి.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. కానీ పక్కన మగ్గిన అరటిపళ్లు, మామిడిపళ్లు వద్దు. పండే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. కంటికి కనపడదు. అది సోకితే, ఇంకా ఊపిరి పీలుస్తున్న పువ్వు త్వరగా వాడుతుంది. పూజకు పూలూ పళ్లూ ఒకే సంచిలో తేవడం మన అలవాటాయె! ఇవాళ బజారుకు వెళ్తే రెండు సంచులు పట్టుకెళ్లండి.