ఏలీయాను దేవుడు మందలించలేదు



కార్మెలు కొండపై గొప్ప విజయం చూచిన ఏలీయా ప్రవక్త, రాణి బెదిరింపుకు భయపడి ఎడారికి పారిపోయాడు. ఒక చెట్టు క్రింద కూలబడి, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు (1 రాజులు 19). అంతటి ప్రవక్తను దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దేవదూతచేత రొట్టె, నీరు పంపాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు. రెండవసారి తినిపించాకే ప్రయాణానికి లేపాడు.

మన ఇళ్ళలో ఈ ఓర్పు ఉన్నదా? క్రికెట్ బంతి తలకు తగిలిన అబ్బాయి, కబడ్డీలో తల నేలకు కొట్టుకున్న అమ్మాయి ఇంటికి వస్తారు. రక్తం లేదు గనుక "ఏమీ కాలేదులే" అంటాం. కాని పుర్రె లోపల మెదడు అదిరి ఉండవచ్చు. దీనినే వైద్యులు కంకషన్ అంటారు. స్పృహ తప్పకపోయినా ఇది జరుగుతుంది, స్కానింగులో కనిపించకపోవచ్చు. తరువాత తలనొప్పి, నిద్రలేమి, చదివినది తలకెక్కకపోవడం, ఊరకే కోపం, కన్నీళ్ళు. పదవ తరగతి పిల్లలైతే దానికి మనం పెట్టే పేరు బద్ధకం!

ఆస్ట్రేలియా క్రికెటర్ విల్ పుకోవ్‌స్కీ 2021లో సిడ్నీలో మన దేశంపై తన తొలి టెస్టు ఆడి 62 పరుగులు చేశాడు. బడి రోజుల నుండీ అతని తలకు పదేపదే దెబ్బలు తగిలాయి. మానసిక ఆరోగ్యం కోసం కూడా ఆటకు విరామం తీసుకోవలసి వచ్చింది. 2025లో, 27 ఏళ్ళకే, ఆట మానుకున్నాడు.

ఆత్మ, శరీరం కలిసి ఒకే మనిషి అని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు. మెదడు నొచ్చుకుంటే మనసు క్రుంగడం పాపం కాదు, విశ్వాసలోపమూ కాదు.

కనుక తల్లిదండ్రులారా, తలకు దెబ్బ తగిలిన రోజు బిడ్డను మళ్ళీ ఆటకు పంపవద్దు. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండవ దెబ్బ ప్రాణాంతకం కావచ్చు. వాంతులు, మూర్ఛ, పెరిగే తలనొప్పి, విపరీతమైన మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత కొద్దికొద్దిగా చదువు, వైద్యుని అనుమతితోనే ఆట. చాలామంది పిల్లలు ఒక నెలలోపే కోలుకుంటారు. దిగులు వీడకపోయినా, చావు మాట నోట వచ్చినా, దాచకుండా మానసిక వైద్యుని కలవండి. ప్రభుత్వ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

మార్కులు మరుసటి పరీక్షలో వస్తాయి. బిడ్డ మనకు ఒక్కసారే ఇవ్వబడిన వరం. ఏలీయా ప్రక్కన రొట్టె ఉంచిన దేవదూత పనిని నేడు ప్రభువు మీకే అప్పగిస్తున్నాడు. ఆయన మీ కుటుంబాలను దీవించునుగాక. ఆమెన్.