వడ్డికాసులవాడి భక్తులం, మనకి అప్పంటే ఇంత సిగ్గెందుకు?



పోయిన వీడియోలో పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం చెప్పుకున్నాం కదా. అందులో కుబేరుడి అప్పు ఘట్టాన్ని నేను రెండు మాటల్లో దాటేశాను. ఆ మాట ఎత్తితే నాకు ఒకడు గుర్తొస్తాడు, అందుకే. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మాది కొయ్యూరు. నాతో పాటు నర్సీపట్నంలో ఇంటర్ చదివిన మా ఊరి కుర్రాడు ఇప్పుడు వైజాగ్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. ఒకరోజు తెలియని నంబరు నుంచి వాడి ఫొటో నా వాట్సాప్‌కి వచ్చింది. ఫొటో మీద ఎర్రటి అక్షరాలతో "దొంగ" అని ఉంది. కింద "ఇతను డబ్బు ఎగ్గొట్టాడు, షూరిటీ మీరే" అని. నేను ఎక్కడా సంతకం పెట్టలేదు. వాడి ఫోన్‌లో నా నంబరు ఉంది, అంతే.

నేను ఆ మెసేజ్ డిలీట్ చేసి ఊరుకున్నాను. వాడికి ఫోన్ కూడా చేయలేదు. అడిగితే సిగ్గుపడతాడులే అనుకున్నాను, అదే మర్యాద అనుకున్నాను. మూడు నెలల తర్వాత సంక్రాంతికి ఊళ్ళో కలిశాడు.

"నీకు కూడా వచ్చిందా రా?" అన్నాడు.

"వచ్చింది."

"మరి ఒక్క ఫోన్ చేయలేదేం? నువ్వు కూడా నమ్మేశావనుకున్నాను."

నా దగ్గర సమాధానం లేదు.

వాడు లెక్క చెప్పాడు. బండి రిపేరుకి యాప్‌లో 5,000 రూపాయలు అడిగాడు. ప్రాసెసింగ్ ఫీజు, ఇంకేవో చార్జీలు పోను చేతికి వచ్చింది 3,500. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. "వడ్డీ చాలా తక్కువ రాశారు రా, మిగతాదంతా ఫీజు" అన్నాడు. పేరు ఏదైతేనేం, 3,500 వాడుకున్నందుకు వారానికి 1,500. దీన్ని మన ఊరి లెక్కలోకి మార్చి చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే మామూలు. ఐదు రూపాయల వడ్డీ అంటే పెద్దవాళ్ళు వద్దంటారు. పది రూపాయల వడ్డీ అంటే నోరు నొక్కుకుంటారు. వాడు తీసుకున్నది నూటికి నెలకి 183 రూపాయల వడ్డీ! ఏడాదికి 2,200 శాతం దాటుతుంది. గడువుకి కట్టలేక ఇంకో యాప్‌లో తీసుకున్నాడు, అది కట్టడానికి మూడోది. ఏడు రోజుల గడువు పెట్టేది ఇందుకే. వారంలో జీతం రాదు, కొత్త అప్పు మాత్రం వస్తుంది.

ఇప్పుడు కుబేరుడి దగ్గరికి వద్దాం. స్థల పురాణం ప్రకారం స్వామి పెళ్ళి ఖర్చుకి అప్పు చేశాడు. పత్రం రాసుకున్నారు. బ్రహ్మ, శివుడు, అశ్వత్థ వృక్షం సాక్షులు. అసలు కలియుగాంతానికి, అప్పటిదాకా ఏటా వడ్డీ. ఎంత ఇచ్చారు, ఎప్పుడు కట్టాలి, అంతా అందరి ముందే. ఆ అప్పు వల్ల స్వామి పరువు పోలేదు. వడ్డికాసులవాడా అని మనం ప్రేమగానే పిలుస్తాం. అంటే మన సంప్రదాయంలో అప్పు చేయడం తప్పు కాదు. దాచిపెట్టిన షరతు తప్పు.

"తీసుకున్నవాడు కట్టాలి కదా, అదే కదా ధర్మం?" అని మీరు అడగచ్చు. కట్టాలి. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అంటూ పుట్టుకనే అప్పుగా చూసే ధర్మం మనది. కానీ కట్టేవాడికి ధర్మం ఉన్నట్టే పుచ్చుకునేవాడికీ ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో డబ్బు అప్పుకి ఒక హద్దు పెట్టారు. అసలూ వడ్డీ కలిపి ఒక్కసారిగా వసూలు చేసేది అసలుకి రెట్టింపు దాటకూడదు. కోర్టుల భాషలో దీన్ని దామ్‌దుపట్ అంటారు. అదే అధ్యాయంలో నూటికి నెలకి రెండు, మూడు, నాలుగు, ఐదు అని వర్ణాన్ని బట్టి వడ్డీ పెంచుతూ పోయిన శ్లోకం కూడా ఉంది. అది నేను ఒప్పుకోలేను, దాచడమూ ఇష్టం లేదు. కింద ఉన్నవాడి దగ్గరే ఎక్కువ లాగడం అన్నది యాప్‌లతో మొదలైంది కాదని అది గుర్తుచేస్తుంది.

ఆ హద్దు మా కొండల దాకా కూడా వచ్చింది. షావుకార్ల అప్పుల్లో గిరిజనుల భూములు పోతుంటే, 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకి ఒక చట్టం చేసింది. గిరిజనుడి అప్పు మీద ఏడాదికి 24 శాతం మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ లేదు, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు. వందేళ్ళు దాటాక అదే ఏజెన్సీ కుర్రాడు ఫోన్‌లో 2,200 శాతానికి ఓకే నొక్కాడు.

షావుకారు భూమి తాకట్టు అడిగేవాడు. ఈ యాప్ తాకట్టు పెట్టుకుంది కాంటాక్ట్ లిస్ట్. అంటే వాడి పరువు. ఆ తాకట్టుకి విలువ ఇచ్చేది మాత్రం యాప్ కాదండీ, మనమే. ఫొటో చూసి మనం నమ్మితేనో, నాలాగా మాట్లాడకుండా ఊరుకుంటేనో ఆ బెదిరింపు పనిచేస్తుంది. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేసేనాటికే తెలంగాణలో కొందరు వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళని చంపింది అప్పు మొత్తం కాదు, ఆ సిగ్గు.

2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ అప్పులకి నిబంధనలు తెచ్చింది. అప్పు ఇచ్చేముందే ఫీజులన్నీ కలిపిన ఏడాది ఖర్చు శాతం, అంటే ఏపీఆర్, ఒక కాగితంలో చూపించాలి. కాంటాక్ట్‌లు, ఫొటోలు, కాల్ లాగ్ యాప్ ముట్టుకోకూడదు. కూలింగ్ ఆఫ్ గడువులో అసలూ, ఆ కొద్ది రోజుల ఖర్చూ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటికి రావచ్చు. కాబట్టి "నెలకి ఎంత" అని కాకుండా, "చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఏపీఆర్ ఎంత" అని చూడండి. అప్పిచ్చే బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ పేరు కనపడకపోతే, కాంటాక్ట్‌లు అడిగితే, అక్కడే ఆపేయండి. ఇప్పటికే ఇరుక్కుంటే స్క్రీన్‌షాట్లు దాచి 1930కి ఫోన్ చేయండి, పోలీసులకి చెప్పండి. అనుమతి లేని సంస్థల మీద రిజర్వ్ బ్యాంక్ సచేత్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వచ్చు. అన్నిటికంటే ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి.

మా వాడు చివరికి వాళ్ళ మావయ్యకి చెప్పుకున్నాడు. ఆయన తిట్టి, పోలీసు స్టేషన్‌కి తీసుకెళ్ళి, చేతికి వచ్చిన అసలు లెక్కలు వేయించాడు. నేను మాత్రం మూడు నెలలు ఆలస్యంగా, "తప్పు నాదే రా" అని చెప్పాను.

రేపు మీ ఫోన్‌కి కూడా అలాంటి ఫొటో రావచ్చు. ఫార్వర్డ్ చేయకండి. డిలీట్ చేసి ఊరుకోకండి కూడా. ఆ మనిషికి ఫోన్ చేసి, "నాకు వచ్చింది, నేను నమ్మలేదు, తిన్నావా?" అని అడగండి చాలు. కుబేరుడి పత్రానికి సాక్షులు ఉన్నారు కదా. మన వాళ్ళ అప్పుకి మనం ఆ మాత్రం సాక్షిగా నిలబడలేమా?

ఓం నమో వేంకటేశాయ.