పస్తు, ఉపవాసం

తెనాలిలో మా అమ్మాయి చదివే బడిలో పోయిన నెల తల్లిదండ్రుల్ని పిలిచారు. తొమ్మిదో తరగతి గదిలో, పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని ముప్పై మందిమి దాకా కూర్చున్నాం. టేబుల్ మీద కొత్త ప్లైవుడ్ పెట్టె, లోపల పోస్టాఫీసు గూళ్లలా అరలు, ఒక్కో అర మీద రోల్ నంబరు. పొద్దున ఫోను అందులో పెట్టి సాయంత్రం తీసుకోవాలట. అసలు బడికి ఫోనెందుకు తెస్తున్నారంటారేమో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులోనే పిల్లలు బడికి ఫోన్లు తేవద్దంది, టీచర్లు కూడా క్లాసుకు వెళ్లేముందు హెడ్మాస్టరుకు అప్పజెప్పాలంది. అయినా మా పిల్లల సంచుల్లో, టిఫిన్ డబ్బా కింద, అవి వస్తూనే ఉన్నాయి. పెట్టి పంపేది మేమే.

"పెట్టెలెందుకండీ, గేటు దగ్గరే ఆపేయండి. మావాడు బాత్రూంలో దూరి రీల్స్ చూస్తున్నాడట" అందొకావిడ.

"బస్సు నందివెలుగు దగ్గర ఆగిపోయి, వానలో గంటన్నర ఉన్నారు. పాప ఫోను చేయబట్టి తెలిసింది. గేటు దగ్గర ఆపేస్తే నాకెవరు చెబుతారు?" అన్నాడొకాయన.

"ఆయమ్మ దగ్గర ఉంటుందిగా ఫోను."

"ఆయమ్మ ఎత్తదండీ!"

అందరం నవ్వాం. ఇద్దరూ భయపడే మాట్లాడుతున్నారు. ఒకరిది పిల్లవాడు చెడిపోతాడన్న భయం, ఒకరిది పిల్ల కనబడకుండా పోతుందన్న భయం. ఈ తగువు మా గదిలోనే కాదు. బడుల్లో ఫోన్లు వద్దని ఫ్రాన్సు 2018లో చట్టమే చేసింది. ఢిల్లీ హైకోర్టు 2025లో పూర్తి నిషేధం కుదరదంటూనే, వీలుంటే బడిలోకి రాగానే ఫోన్లు తీసుకుని దాచి ఉంచమంది. అంటే మా పెట్టెలాంటిదే.

నా మనసు మాత్రం దుగ్గిరాల వెళ్లిపోయింది. మా నాయనమ్మ అక్కడ పసుపు యార్డులో కూలికి వెళ్లేది. వేళ్ల సందుల్లో పసుపు ఎన్నిసార్లు తోమినా పోయేది కాదు. ఏకాదశికి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఒకసారి అమ్మ "మీ నాయనమ్మకివాళ పస్తే" అంటే, ఆవిడ గయ్యిమంది: "పస్తేంటే? పస్తు లేనోళ్లకి. నాది ఉపాసం!" వానాకాలం యార్డులో పనుండేది కాదు. గడప మీద కూర్చుని తులసికోట వైపు చూస్తూ ఉండేది. ఆ రోజుల ఉపవాసాలే నాకు ఎక్కువ గుర్తు.

రెండింట్లోనూ ఖాళీగా ఉండేది కడుపే. కానీ పస్తులో ఉన్నది లేకపోవడం ఒక్కటే. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండటం. తిండికి దూరమయ్యావు సరే, దేనికి దగ్గరయ్యావు? గీత రెండో అధ్యాయం కూడా ఇక్కడే వేలు పెట్టి చూపుతుంది. నోరు కట్టుకున్నవాడికి తిండి దూరమవుతుందే గానీ రుచి లోపలే ఉంటుందని, దాన్ని మించినది కనబడితేనే అదీ పోతుందని దాని సారం. పెట్టెకు తాళం వేస్తే ఫోను దూరమవుతుంది. రుచికి తాళం వేసే పెట్టె ఏ వడ్రంగీ చేయలేడు.

మరి దూరమైన పిల్లలు మా బడిలో దేనికి దగ్గరవుతున్నట్టు? ఆటల పీరియడు లెక్కల సారు పట్టుకుపోయి రెండేళ్లయింది. లైబ్రరీ అంటే ఆఫీసు గదిలో ఒక అద్దాల బీరువా, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గట్టిగా మాట్లాడకూడదు. ఇది ఉపవాసం కాదు, పస్తు.

పస్తున్న పిల్లవాడంటే నాకు నచికేతుడు గుర్తొచ్చాడు. ఆ కథ నేను విన్నది ఫోన్లోనే, వంకాయలు తరుగుతూ. దాచడమెందుకు? తండ్రి కోపంలో యముడికిచ్చానంటే ఆ పిల్లవాడు నిజంగానే వెళ్లాడు. యముడు ఇంట్లో లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా ఆ గుమ్మంలోనే ఉన్నాడు. తర్వాతి ఘట్టమే అందరూ చెబుతారు: ఏనుగులు, బంగారం, రథాలు, నాట్యగత్తెలు, ఎంత కావాలంటే అంత ఆయుష్షు ఇస్తానన్నా కుర్రాడు వద్దన్నాడు, చావు తర్వాత ఏముందో చెప్పమన్నాడు. ఎవరూ నిషేధించలేదు, ఎదురు ఇస్తామన్నారు. అయినా వద్దనగలిగాడంటే, వాటికన్నా పెద్ద ప్రశ్న ఒకటి వాడి దగ్గరుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం అంతకు ముందు ఘట్టం. యముడు ఇంటికి రాగానే కంగారుపడ్డాడు. అతిథిని, అందులో పిల్లవాణ్ణి, తన గుమ్మంలో పస్తు ఉంచాడు. రాత్రికొకటి చొప్పున మూడు వరాలు బాకీపడ్డాడు. ఆకలి పిల్లవాడిది, అప్పు ఇంటాయనది. మృత్యువంతటివాడు ఒప్పుకున్న లెక్క ఇది.

లేచి ఇదే అన్నాను, యముణ్ణి తీసుకురాకుండా. "పెట్టె ఉండనివ్వండి. కానీ పిల్లల దగ్గర ఏదన్నా తీసుకుంటే వాళ్లకు బాకీ పడతాం. ఆ ఆటల పీరియడు తిరిగిచ్చేయండి. బీరువా తాళం వెతికించండి. బస్సులో ఫోను ఎత్తే మనిషిని పెట్టండి." ప్రిన్సిపాల్ గారు రాసుకున్నారు. లెక్కల సారు నా వంక చూడలేదు.

ఇంటికొచ్చాక నా లెక్క నాకే ఎదురైంది. ఆ రాత్రి ఎనిమిదింటికి మా అమ్మాయి ఫోను అడిగి తీసుకున్నాను. మూతి ముడుచుకుని ఇచ్చింది. "మరిప్పుడేం చెయ్యను?" అంది.

నా దగ్గర వరాలేమీ లేవు. చిక్కుడుకాయల పళ్లెం మధ్యలో పెట్టి, ఈనెలు తీయమన్నాను. కాసేపు చిటుక్ చిటుక్ మన్న చప్పుడే. ఊరుకోలేక నాయనమ్మ సంగతి, పస్తుకూ ఉపవాసానికీ తేడా సంగతి చెప్పుకొచ్చాను. బడిలో చెప్పినదాని కన్నా బాగానే చెప్పాననుకున్నాను.

అది ఒక కాయ ఈనె పూర్తిగా లాగి, పళ్లెం అంచున పెట్టి అడిగింది:

"ఏకాదశులు నెలకి రెండే కదమ్మా? వానాకాలంలో మీ నాయనమ్మకి ఎన్నొచ్చేవి?"

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.