బదరీ వృక్షము క్రింద ఏలీయా



కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పని, విరుదునగర్‌లో పప్పులు, మిరపకాయల వ్యాపారము మనలో అనేకులకు జీవనాధారము. ముడిసరుకుల ధరలు పెరిగి, 14 సంవత్సరముల తరువాత 2021 డిసెంబరులో అగ్గిపెట్టె ధర రూపాయి నుండి రెండు రూపాయలైనది. అయినను ముసురు పట్టి పుల్లలు ఆరనియెడల పని నిలుచును. అప్పుమీద వడ్డీ నిలువదు. అప్పుడు నిద్ర పట్టదు, అన్నము సహింపదు, పిల్లలమీద ఊరక కోపము వచ్చును.

అట్టి స్థితిలోనున్న ఒక సహోదరితో "నీకు విశ్వాసము చాలదు" అని పెద్దలమైన మేమే అంటిమి. అది మా తప్పు.

మొదటి రాజులు 19వ అధ్యాయము చూడుడి. ఏలీయా అలసి చావు కోరినప్పుడు దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత రెండుమారులు ఆహారము పెట్టించెను. పిమ్మటనే మాటలాడి, ఒంటరివాడు కాడని తెలిపి, ఎలీషాను తోడుగా ఇచ్చెను.

కాబట్టి అలసటను పాపమనకుందము. వేళకు తిని, పండుకొని, అప్పు సంగతి ఇంటివారియొద్ద దాచక చెప్పుకొందము. నిద్రలేమి వారములు సాగినయెడల డాక్టరుయొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన ప్రక్కనున్నవారిని "రాత్రి నిద్ర పట్టుచున్నదా?" అని అడుగుదము, అడిగి, జవాబు వినువరకు నిలుచుదము.