తొలిపంట నివేదనము - అందుకొను హస్తము

మానవుడు తన కష్టార్జితమును భగవంతునకు సమర్పించునపుడు నడుమ వేరొకని హస్తము ఉండవలెనా? ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఇష్టలింగమును కరస్థలమున నిలుపుకొని తన పూజను తానే చేసికొను భక్తునకు అర్చకునితో పని లేదు. అయినను గురువునకు, జంగమునకు, మఠమునకు మనము ధాన్యమును, ధనమును సమర్పించుచునే యున్నాము. ఆ సమర్పణము నందుకొను చేతికి గల ధర్మమేమి? ఇతర జాతుల యనుభవమును పరిశీలించినచో మన ధర్మము మనకు మరింత స్పష్టమగును. అందులకై ప్రాచీన ఇశ్రాయేలీయుల పంట నివేదనములను ఇచట విచారింతము.

వారి దేశమున వసంత ఋతువునందు మొదట యవలును, పిదప గోధుమలును కోతకు వచ్చును. లేవీయకాండము 23వ అధ్యాయము ననుసరించి రైతులు కోసిన తొలి పనను యాజకునియొద్దకు తేవలెను. అతడు దానిని దేవుని సన్నిధిని పైకెత్తి అల్లాడించును. అది జరుగువరకు క్రొత్త ధాన్యముతో చేసిన రొట్టెనుగాని, పేలాలనుగాని, పచ్చి వెన్నులనుగాని ఎవరును తినరాదు. అటుపిమ్మట ఏడు వారములు లెక్కించి, 50వ దినమున క్రొత్త గోధుమపిండితో పులియబెట్టి కాల్చిన రెండు రొట్టెలను సమర్పింతురు. పులిసినది బలిపీఠముపై దహింపరాదు గనుక ఆ రొట్టెలు యాజకులకే చెందును.

ఇది సమాజమంతటి తరపున జరుగు క్రియ. ఒక్కొక్క రైతు తన తొలి ఫలములను తెచ్చుకొను విధము ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయమున కలదు. అతడు ఫలములను గంపలో నుంచుకొని వచ్చును. యాజకుడు ఆ గంపను అందుకొని బలిపీఠము నెదుట నుంచును. అంతియే. పలుకవలసిన మాటలు యాజకునివి కావు, రైతువి. తన పూర్వికుడు నిలువనీడ లేక తిరిగినవాడనియు, తనవారు ఐగుప్తున దాస్యము ననుభవించిరనియు, దేవుడు వారిని విడిపించి ఈ నేల నిచ్చెననియు, ఆ నేల ఫలమునే తాను తెచ్చితిననియు అతడు తన నోటితో చెప్పవలెను. ఆపైన లేవీయునితోను, తమ నడుమ నున్న పరదేశితోను కూడి సంతోషింపవలెను. తమవారు దాసులై యుండిరని దేవుని యెదుట చెప్పుకొన్నవాడు పరదేశిని త్రోసివేయజాలడు గదా!

క్రీ.శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా యను యూదుల ధర్మగ్రంథము ఈ యాచారమును మరింత వివరముగా తెలుపుచున్నది. అత్తిపండు తొలుత పండినపుడు రైతు దానికి ఒక గడ్డిపోచ కట్టి గుర్తించును. బంగారు పూత పూసిన కొమ్ములు గల యెద్దు ముందు నడువ, పిల్లనగ్రోవి మ్రోగ, జనులు యెరూషలేమునకు తరలివత్తురు. అగ్రిప్ప రాజంతటివాడును తన గంపను తన భుజముననే మోయవలెను. పీఠము చెంత రైతు గంప యంచును పట్టుకొనును. యాజకుడు దాని క్రింద చేయి పెట్టును. ఫలము రైతుది, నోరు రైతుది; యాజకుని హస్తము క్రింద ఆధారముగా నుండునది మాత్రమే.

ఆ మిష్నాలోనే మరియొక సంగతి కలదు. మొదట చదువు తెలిసినవారు ఆ మాటలను తామే చెప్పెడివారు. తెలియనివారికి ఒకరు చెప్పిపెట్టెడివారు. తమ యజ్ఞానము పదిమందిలో బయటపడునను సిగ్గుచే చదువురానివారు ఫలములు తెచ్చుటయే మానిరి. అపుడు పెద్దలు విచారించి, పండితునకును పామరునకును సమానముగా చెప్పిపెట్టవలెనని నియమించిరి. పాఠము రాక తలవంచుకొను బాలుని నిత్యము చూచు ఉపాధ్యాయుడనగుటచే ఈ నియమము నా హృదయమున నాటుకొన్నది. పండితుని తగ్గింపలేదు, పామరుని నిలబెట్టినది.

యాజకుల జీవనమేమి? అహరోను వంశీయులగు యాజకులకును, వారు పుట్టిన లేవీ గోత్రమునకును దేశమున భూమి పంచియీయలేదు. దేవుడే వారి స్వాస్థ్యమని సంఖ్యాకాండము 18వ అధ్యాయము చెప్పుచున్నది. కావున ప్రజల పంటలో పదియవ వంతు లేవీయులకు చెందును. అయితే ఆ లేవీయులును తమకు వచ్చిన దానిలో పదియవ వంతును తీసి యాజకునకు సమర్పింపవలెను. పుచ్చుకొనువాడు ఇచ్చుట మానరాదు.

నియమము చక్కనిదైనను మనుష్యులు దానిని చెరుపుకొనిరి. షిలోహులో ఏలీ యను యాజకుని కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు లనువారు భక్తులు తెచ్చిన బలిమాంసమును దేవునికి అర్పింపకమునుపే బలవంతముగా తీసికొనిరి. అందుచే జనులు నైవేద్యమునే అసహ్యించుకొనిరి. క్రీ.పూ. 8వ శతాబ్దమున ఆమోసు ప్రవక్త, న్యాయము లేని చోట పండుగలును నైవేద్యములును దేవునికి వెగటని ఘోషించెను. తొలి ఫలముల విషయముననే మరియొక చిక్కు కలదు. ధనికులు వెండి బంగారు గంపలలో తెచ్చి గంపలను తిరిగి తీసికొనిపోయెడివారనియు, పేదలు తెచ్చిన అల్లిక బుట్టలు మాత్రము ఫలములతోపాటు యాజకునికే చెందెడివనియు వ్యాఖ్యాతలు చెప్పిరి. దారిద్ర్యము దరిద్రుని వెన్నంటునను లోకోక్తికి వారి పండితులే దీనిని ఉదాహరణముగా చూపిరి. చదువు విషయమున పామరుని కాపాడిన ధర్మము బుట్ట విషయమున పేదను మరచినది.

యాజకుని చేయి సోకని సమర్పణము కూడ వారికి కలదు. పొలము అంచులను కోయక విడువవలెను. రాలిన వెన్నులను ఏరుకొనరాదు. అవి పేదలకును పరదేశులకును చెందును. ఎంత విడువవలెనో తోరాలో కొలత లేదు. అరువదియవ వంతునకు తగ్గరాదని పిదప పెద్దలు నిర్ణయించిరి. మోయాబు స్త్రీయగు రూతు బేత్లెహేము పొలములలో యవల పరిగె ఏరుకొని తన అత్తను పోషించినది ఈ ధర్మమువలననే. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసిరి. పీఠము పోయినది, గంపలు ఆగినవి. ప్రార్థనయు, శాస్త్రాధ్యయనమును, దానమును నిలిచినవి.

ఈ పరిగె కథ మనకు ఆయ్దక్కి మారయ్యను స్మరణకు తెచ్చును. 12వ శతాబ్దమున కల్యాణములో రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము జరుపుట ఆ శరణుని కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చినపుడు ధర్మపత్ని లక్కమ్మ మందలించి, అధికమైన బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మనెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. రూతు పరిగె ఏరి ఇంటివారిని పోషించినది. మారయ్య పరిగె ఏరి జంగములకు పెట్టెను. ఏరుకొనువాడే దాత యగుట బసవేశ్వరుడు నేర్పిన కాయక దాసోహముల విశేషము.

కావున అందుకొను హస్తము ఉండరాదని నేననను. అది గంప క్రింద నుండవలెను, గంపను కబళింపరాదు. మన మఠములలో బస్తా తెచ్చినవానికిని, దోసెడు గింజలు తెచ్చినవానికిని ఒకే ఆదరము లభించుచున్నదా? వచనము చదువలేని భక్తుడు సిగ్గుపడి వెనుక నిలిచిపోవుచున్నాడా? మఠమునకు చేరిన దానిలో ఎంత భాగము అన్నముగా, విద్యగా తిరిగి వెలుపలికి వచ్చుచున్నది? మఠాధిపతులు దీనిని విచారింతురుగాక. భక్తులమగు మనమును రొక్కము చెల్లించి, మిగిలినది స్వాములవారు చూచుకొందురని ఊరకుండరాదు. మన మాట మనమే పలుకవలెను. మన గంప మనమే మోయవలెను.