పంపినవాడే పలికినవాడు

నాయనా, చేతిలోని ఆ ఫోనును కాసేపు బోర్లించి పక్కన పెట్టు. నేను చెప్పబోయేది దాని గురించే. కాని దాన్ని చూస్తూ వినదగిన మాట కాదిది.

మాట విషయంలో మన పెద్దలు ఎంతో భయభక్తులతో మెలిగారు. నాలుక ముందు పళ్ళు, పళ్ళ ముందు పెదవులు దేవుడు పెట్టింది, మాట గడప దాటేలోపు రెండుసార్లు ఆగడానికేనని మా తాతగారు చెప్పేవారు. ఊళ్ళో ఎవరైనా ఒక వార్త మోసుకొస్తే "ఎవరన్నారు? నువ్వు కళ్ళారా చూశావా?" అని నిలదీసే ముసలివాళ్ళు రచ్చబండ మీద ఉండేవారు. పుకార్లు అప్పుడూ ఉన్నాయి, కాదనను. వాటివల్ల కాపురాలు కూలాయి, కొంపలు తగలబడ్డాయి. అయినా పుకారు కాలినడకన వెళ్ళేది, పొలిమేర దాటేలోపు ఎక్కడో ఒకచోట అలసిపోయేది. ఇవాళ మాటకు నోరు అక్కరలేదు, బొటనవేలు చాలు. ఆ వేలికి పళ్ళూ లేవు, పెదవులూ లేవు.

"నేనేమీ అనలేదు. వచ్చింది వచ్చినట్టు పంపాను" అంటావు నీవు. ఎంతోమంది నోట విన్నాను ఆ మాట. చదువుకున్నవారి నోట, పిల్లలకు పాఠాలు చెప్పేవారి నోట, పూజ కానిదే పచ్చి మంచినీళ్ళు ముట్టనివారి నోట. ఆ ఒక్క మాటను గురించే నీతో విచారించాలని కూర్చున్నాను.

2018 జూలై 13న హైదరాబాదు నుంచి కొందరు స్నేహితులు కారులో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళారు. వారిలో ఒకడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మరొకడు ఖతార్ నుంచి వచ్చినవాడు. దారిలో బడిపిల్లలు కనబడితే చాక్లెట్లు పంచారు. పరదేశం నుంచి వచ్చినవాడు పసివాళ్ళ చేతిలో చాక్లెట్ పెట్టడం మనకేమైనా కొత్తా? గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి బాబాయీ చేసే పనే అది. కాని ఆ ఏడాది గాలి వేరు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ నెలల తరబడి ఊరూరా భయాన్ని నాటి ఉంచింది. జనం అనుమానించారు, నిలదీశారు, వీడియో తీసి గ్రూపుల్లో పెట్టారు. ప్రాణభయంతో కారెక్కి పారిపోతున్నవారి కన్నా ఆ వీడియో ముందు పరుగెత్తింది. ముర్కి అనే ఊరి దగ్గర దారికి అడ్డంగా చెట్టు మొద్దు పడేసి జనం కాచుకుని ఉన్నారు. కారు గోతిలో పడింది. పోలీసులు వచ్చి అడ్డుపడ్డారు, వారికీ దెబ్బలు తగిలాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మాత్రం ఇల్లు చేరలేదు.

తరువాత అరెస్టయినవారిలో కర్రలు పట్టినవారితో పాటు ఒక వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు. చట్టం చేయి అంతవరకే చాచగలిగింది. ఆ భయాన్ని నెలల తరబడి వేలితో తోస్తూ వచ్చిన వేలమంది ఆ రాత్రి అన్నం తిని నిద్రపోయారు. వారిలో ఎవరూ తమను హంతకులమని అనుకోలేదు. వారిలో నీవు లేవని చెప్పగలవా? నేను చెప్పలేను.

అదొక్కటే అయితే దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు. దానికి ముందు మే నెలలో మన హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, యాచించుకుని బతికే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఇదే అనుమానంతో కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రాయిన్‌పాడాలో, భిక్షాటనతో ఊళ్ళు తిరిగే సంచార కులానికి చెందిన ఐదుగురిని చంపారు. జూన్ నెలాఖరున త్రిపురలో జరిగినది తలచుకుంటే నాకు నోట మాట రాదు. ఈ పుకార్లు నమ్మవద్దని మైకులో చాటడానికి ప్రభుత్వం నియమించిన మనిషినే పిల్లల దొంగ అని కొట్టి చంపారు. నిజం చెప్పడానికి వచ్చినవాడి గొంతు ఆ జనానికి వినబడలేదు, నాయనా. చేతిలోని తెర అంతకుముందే చెవులు మూసేసింది.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో నీకూ వచ్చే ఉంటుంది. వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు చటుక్కున ఎత్తుకుపోతారు. చూసిన తల్లికి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరే వెనక్కి తిరిగి వచ్చి, పిల్లవాణ్ణి క్షేమంగా దించి, జాగ్రత్త చెప్పే రాత ఒకటి ఎత్తి చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. మిగిలినదంతా నిజంగా కెమెరా తీసిన బొమ్మే, ఒక్క దృశ్యమూ బయటి నుంచి చేర్చినది కాదు. తోక తెంచినందుకే అది విషమైంది.

ఈ కత్తిరింపు మనకు తెలియనిది కాదు. కురుక్షేత్రంలో ద్రోణుడి చేత అస్త్రాలు కింద పెట్టించడానికి ధర్మరాజు అన్నదేమిటి? అశ్వత్థామ చచ్చాడన్నది గట్టిగా, ఏనుగు అన్నది గొంతులోనే. చచ్చిన ఏనుగు పేరు కూడా అశ్వత్థామే కాబట్టి ఆయన అన్నది అక్షరాలా అబద్ధం కాదు. అయినా అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున సాగిన ఆయన రథం ఆ క్షణమే మట్టిని తాకింది. కడపట స్వర్గద్వారం దాకా నడిచివెళ్ళినవాడికి కూడా ఆ ఒక్క పలుకు కోసం నరకదర్శనం తప్పలేదు. ఆయన వెనక సాక్షాత్తు కృష్ణుడి ఒత్తిడి ఉంది, ఎదుట కూలిపోతున్న తన సైన్యం ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తోక తెగిన వీడియోను పన్నెండు గ్రూపులకు తోసే నీకు ఏ కృష్ణుడి ఒత్తిడి ఉంది? ఏ సైన్యం కూలిపోతోంది?

తప్పు యంత్రానిదని, కంపెనీలదని అంటావు. వాటి పాపం వాటికి ఉంది, నేను మాఫీ చేయడం లేదు. 2017 నుంచి ఫేస్‌బుక్ తన లెక్కల్లో కోపపు ముఖం గుర్తుకు, ఇతర భావాల గుర్తులకు, మామూలు లైకు కన్నా ఐదు రెట్ల విలువ కట్టింది. ఒళ్ళు మండించే రాత అందరి కళ్ళ ముందుకూ ఎగబాకేది. కోపపు గుర్తు విలువను సున్నకు దించడానికి 2020 దాకా పట్టింది. ఆ మూడేళ్ళలో ఎన్ని ఇళ్ళల్లో ఎంత కోపం వండి వడ్డించారో ఎవరు లెక్క చెబుతారు?

కాని ఆ నేరం చూపించి నీవు తప్పుకోలేవు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తల దారులు వెతికి 2018లో ప్రకటించారు. 1,500 మందిని చేరడానికి నిజానికి పట్టిన కాలం, అబద్ధానికి పట్టిన దానికి ఆరింతలు. మరమనుషుల ఖాతాలను తీసేసి చూసినా ఆ తేడా మారలేదు. పంచింది మనుషులే. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యపెడుతుంది, ముందుగా చెప్పినవాడికి గొప్ప తెచ్చిపెడుతుంది. 2020 అమెరికా ఎన్నికల వేళ కొంతమందికి మూడు నెలలపాటు ఫేస్‌బుక్‌లో రాతలను యంత్రం ఏర్చి కూర్చకుండా, వచ్చిన వరుసలోనే చూపించారు. వారి రాజకీయ వైఖరిలో చెప్పుకోదగిన మార్పేమీ రాలేదు. వంట మారినా నాలుక అలవాటు అంత తొందరగా మారదు మరి.

ఇక ఇంటి సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అన్న గుంటూరులో, తమ్ముడు డాలస్‌లో. ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పొద్దున్నే "శుభోదయం" అని పువ్వుల బొమ్మ పెట్టుకోవడానికి మొదలైన కుటుంబం గ్రూపు. ఎన్నికలు రాగానే అన్న ఒక నాయకుడి వీడియో పెడతాడు, తమ్ముడు ఆ నాయకుణ్ణి వెక్కిరించే మరో వీడియో పెడతాడు. రెండూ తోక తెగినవే. ఎదురుగా కూర్చుని ఉంటే అన్న ముఖం చిన్నబోవడం తమ్ముడు చూసేవాడు, మాట మధ్యలో మింగేవాడు. తెరకు ముఖం లేదు. పార్టీ మీద మొదలైన మాట కులం మీదికి, కులం మీదినుంచి వదిన పుట్టింటి మీదికి పాకుతుంది. ఒక రాత్రి "తమ్ముడు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు" అని చిన్న అక్షరాలు కనబడతాయి. ఆ పై ఏడాది తండ్రి తద్దినానికి ఫోను రాదు. ఏ నాయకుడి కోసం వారు విడిపోయారో, ఆ నాయకుడు ఈలోపు అవతలి పార్టీలో చేరిపోయి ఉంటాడు. మన రాష్ట్రాల్లో ఇలాంటి ఇళ్ళు నాకు ఎన్నో తెలుసు. నీకూ తెలుసు, వాటిలో ఒకటి నీది కాకపోతే అదృష్టవంతుడివి.

అవతలివాడి వాదన కూడా రోజూ వింటే మనసు విశాలమవుతుందని కొందరు పెద్దలు అంటారు. మంచి మాటే. అయితే అది తెర మీద సాగడం లేదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు ట్విట్టర్ వాడేవారికి డబ్బిచ్చి నెల రోజులు ఎదుటి పక్షం రాతలు చదివించారు. రిపబ్లికన్లు మెత్తబడకపోగా తమ పట్టు మరింత బిగించారు. ఎందుకో ఆలోచించు. తెర మీద నీకు ఎదురయ్యేది అవతలి పక్షంలోని మంచివాడు కాడు, గట్టిగా అరిచేవాడు. వాడి అరుపు విని "చూశావా, వీళ్ళంతా ఇంతే" అని నీ మనసు గొళ్ళెం పెట్టుకుంటుంది. అవతలి పక్షాన్ని తెలుసుకోవాలని నిజంగా ఉంటే, ఆ పక్షానికి ఓటేసే మీ మేనమామ పక్కన కూర్చో. ఆయనకు రైతు రుణం ఎందుకు గుర్తుందో, ఏ ఆసుపత్రిలో ఏ కార్డు పనికొచ్చిందో అడుగు. ఒప్పుకోవలసిన పని లేదు, విను.

నీ ఒంటి సంగతి కూడా చెప్పాలి. అర్ధరాత్రి దీపం ఆర్పి, నీలి వెలుగును ముఖాన పోసుకుని, ఎక్కడో ఎవరో ఎవరినో తిట్టినదంతా గుండెల మీదికి ఎత్తుకుని పడుకుంటున్నావు. తెల్లారి లేస్తే చిరాకు, పసివాడు పలకరిస్తే విసుగు. స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు 2018 నవంబరు అమెరికా ఎన్నికల ముందు కొందరి చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ మాన్పించి చూశారు. వారికి వార్తల తెలివిడి కొంత తగ్గింది, ఆ నష్టం దాచను. కాని రాజకీయ విషయాల మీద అభిప్రాయాల మధ్య దూరం కూడా తగ్గింది. ఇంట్లోవారితో, స్నేహితులతో గడిపే సమయం పెరిగింది. మనసు కొద్దిగా తేలికపడింది. గడువు తీరాక కూడా మునుపటంత వాడబుద్ధి కాలేదు వారికి. ఆ మార్పు కొద్దిపాటిదేనని వారే చెప్పారు, నేనూ పెంచి చెప్పను. ఒక నెల ఉపవాసం పట్టి చూడమని మాత్రం అడుగుతాను.

"ఇంత పెద్ద వరదకు నేనొక్కణ్ణి ఏం అడ్డం వేస్తాను?" అంటావేమో. అదే 2018 ఎండాకాలంలో మన గద్వాల ప్రాంతంలో, ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం పొద్దు గూకకముందే తలుపులు బిగించుకోవడం పోలీసుల కంటబడింది. అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి తన కిందనున్న దాదాపు 400 పల్లెలకు, పల్లెకొకరు చొప్పున పోలీసులకు బాధ్యత అప్పగించారు. వారు ఊళ్ళోవారికి తమ ఫోను నంబర్లు ఇచ్చారు, ఊరివారి గ్రూపుల్లో తామూ చేరారు, అనుమానం వస్తే ముందు మాకు చెప్పండన్నారు. డప్పు కొట్టి, పాట కట్టి, పుకారు సంగతి ఊరి నడిమధ్యన చెప్పించారు. చుట్టుపక్కల అంతా అట్టుడికిన ఆ రోజుల్లో ఆ పల్లెల్లో ఈ పుకారుకు ఒక్క ప్రాణం పోలేదు. జనం నమ్మింది పేరు తెలిసిన మనిషిని, ముఖం తెలిసిన మనిషిని. నీ బంధువుల మధ్య, నీ వీధిలో, నీ ఆఫీసులో ఆ ముఖం నీదే కావాలి. వాట్సాప్ కూడా ఆ జూలైలోనే, ఇంకొకరు పంపినదని తెలిపే గుర్తు తగిలించింది, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. అది తాళం మాత్రమే. తాళంచెవి ఇంకా నీ వేలి కింద ఉంది.

నాయనా, ఇదంతా నేను పైనుంచి చెప్పడం లేదు. కొన్నేళ్ళ కిందట ఒక పాప తప్పిపోయిందని ఫోటో వచ్చింది. రెండు జడలు, బడి యూనిఫాం, కింద తండ్రి ఫోను నంబరు. కళ్ళు చెమర్చాయి. పుణ్యం కదా అని నాకున్న గ్రూపులన్నిటికీ పంపాను. సాయంత్రం ఎందుకో మనసు ఆగక ఆ నంబరుకు ఫోను చేశాను, ధైర్యం చెబుదామని. ఎత్తినాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పాప దొరికి మూడేళ్ళయిందండీ. రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. ఫోను మోగినప్పుడల్లా మా ఆవిడ ఇంకా ఉలిక్కిపడుతుంది" అన్నారు. క్షమించమని అడిగాను. ఆయన కోప్పడలేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ రాత్రి ఏ ఏ గ్రూపులకు పంపానో వెతికి, ఒక్కొక్క చోటా రాశాను: నేను పంపినది పాతది, పాప క్షేమంగా ఇంట్లో ఉంది, నేను విచారించకుండా పంపాను, మీరు ఎవరికి పంపారో వారికి చెప్పండి. రాసేటప్పుడు సిగ్గుతో వేలు ఆగింది. పొద్దున పుణ్యం సంపాదించుకునేటప్పుడు ఆగని వేలు. మరునాడు చూస్తే, మొదటి దానికి దండాలు, కన్నీటి గుర్తులు కుప్పలుగా ఉన్నాయి. రెండోదానికి ఒక్కటే జవాబు వచ్చింది, కాకినాడలో ఉండే మా చిన్నత్త దగ్గరనుంచి. "నేను మన పేటలో పదకొండు మందికి పంపాను బాబూ. ఫోనులో రాయడం నాకు సరిగా రాదు. సాయంత్రం నడిచివెళ్ళి ఇంటింటికీ చెప్పొస్తాను."